అడిగేవారి బాధ్యత – చెప్పేవారి హక్కు

యువత మానసిక ఆరోగ్యంపై విశ్వవిద్యాలయాలు జరిపే పరిశోధనలో ప్రశ్నాపత్రాలతో కళాశాలలకు, హాస్టళ్లకు వచ్చేవారిని నడిపించేది సమన్వయకర్త. ఈ రోజు మనం జవాబు చెప్పేవారం. రేపు మనలో ఒకరు ఆ సమన్వయకర్త కావచ్చు. కనుక ఈ పని తీరు తెలుసుకుందాం.

మొదటిది ఎథిక్స్ కమిటీ అనుమతి. అది రాకుండా ఒక్క ప్రశ్న కూడా అడగరాదు.

రెండవది అంగీకారం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అంగీకారం ఉండాలి. 12 ఏళ్లు దాటినవారు తాము కూడా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వార్డెన్ గారు అనుమతించడం వేరు, మనం ఒప్పుకోవడం వేరు. వద్దన్నందుకు హాస్టల్లో ఏ ఇబ్బందీ రాకూడదు. మధ్యలో మానుకునే హక్కు కూడా ఉంది.

మూడవది గోప్యత. జవాబు పత్రంపై పేరుకు బదులు సంఖ్య వేసి, పేర్ల పట్టికను విడిగా భద్రపరచాలి.

ఇలాంటి పరిశోధనల్లో తరచు వాడే పి.హెచ్.క్యు.-9లో గడచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 0 నుండి 3, మొత్తం 27 మార్కులు. ఎక్కువ మార్కులు వస్తే కుంగుబాటు ఎక్కువని సూచన. అంతేగాని అదే రోగనిర్ధారణ కాదు. తొమ్మిదవ ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. అక్కడ ‘లేదు’ కాక మరే జవాబు వచ్చినా మొత్తం లెక్క తేలేదాకా ఆగకూడదు. ఆ రోజే ఆ విద్యార్థితో ఏకాంతంగా మాట్లాడి, వైద్య సహాయం అందేలా చూడాలి. ప్రాణాపాయం ఉన్నచోట గోప్యతకు మినహాయింపు ఉంటుందని ముందే చెప్పాలి.

మనసు బాగాలేనివారు ఏ పరిశోధన కోసమూ ఎదురుచూడనక్కరలేదు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416. రాత్రయినా పగలయినా తెలుగులోనే, ఉచితంగా మాట్లాడవచ్చు.