ఆయుధ ఎగుమతులపై బ్రిటన్ పార్లమెంటు నిఘా

మాంచెస్టర్‌కు వాయవ్యాన, లాంకషైర్‌లోని శామ్లెస్‌బరీలో ఎఫ్-35 యుద్ధవిమానాల వెనుక భాగాలు తయారవుతాయి. ఇలాంటి ఎగుమతులకు లైసెన్సులిచ్చేది ప్రభుత్వం. లెక్క అడగాల్సింది పార్లమెంటు.

ముఖ్యాంశాలు

● 1992: ఇరాక్‌కు యంత్రాల ఎగుమతికి సంబంధించిన మ్యాట్రిక్స్ చర్చిల్ కేసు కుప్పకూలింది.
● 1996: ఆ వ్యవహారంపై స్కాట్ నివేదిక వెలువడింది. దాన్ని చదివేందుకు ప్రతిపక్ష విదేశాంగ ప్రతినిధి రాబిన్ కుక్‌కు కొద్ది గంటలే ఇచ్చారు. దానిపై హౌస్ ఆఫ్ కామన్స్ ఓటింగులో ప్రభుత్వం ఒక్క ఓటుతో గట్టెక్కింది.
● 1999: రక్షణ, విదేశాంగ, అంతర్జాతీయ అభివృద్ధి, వాణిజ్య కమిటీలు ఉమ్మడి పరిశీలన మొదలుపెట్టాయి.
● 2002: 1939 నాటి చట్టం స్థానంలో ఎగుమతి నియంత్రణ చట్టం వచ్చింది.
● 2024: ఉమ్మడి కమిటీ రద్దయి, బాధ్యత వ్యాపార, వాణిజ్య కమిటీకి చేరింది. సెప్టెంబరులో ఇజ్రాయెల్‌కు సుమారు 350 లైసెన్సుల్లో 30 వరకు నిలిపేశారు. ఎఫ్-35 ఉమ్మడి కార్యక్రమ విడిభాగాలకు మినహాయింపు దక్కింది.

గుర్తుంచుకోండి: ఎంపీల పరిశీలన ప్రధానంగా లైసెన్సు ఇచ్చాకే జరుగుతుంది. ప్రాణాలతో ముడిపడిన నిర్ణయాలకు ఇది చాలదు. ముందస్తు పరిశీలన అవసరం.

మాదిరి ప్రశ్న: బ్రిటన్ ఎగుమతి నియంత్రణ చట్టం ఏ సంవత్సరానిది?
జవాబు: 2002