సర్కారు బడికి ఏమివ్వాలి, ఎలా ఇవ్వాలి

పల్లెటూరి ప్రాథమిక పాఠశాలకు సాయం చేయాలనుకునే దాతకు మొదట గుర్తొచ్చేవి నోటు పుస్తకాలు, బ్యాగులు, పలకలు. కాస్త స్తోమత ఉంటే ఫ్యాన్లు, బెంచీలు. అన్నీ మంచి పనులే. ఇచ్చినవారి నియ్యత్‌ను అల్లాహ్ స్వీకరించుగాక. ఇక్కడ పరిశీలించదలచిన ప్రశ్న వేరు. ఆ సొమ్ము, ఆ శ్రమ పిల్లవాడి చదువుగా మారాలంటే దారి ఏది? దీనికి ఆధారం మన రాష్ట్రంలోనే దొరుకుతుంది.

2005లో మొదలుపెట్టి కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ తోడ్పాటుతో గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఐదు జిల్లాలు, 500 బడులు. వాటిలో కొన్ని బడులకు పిల్లల సంఖ్యను బట్టి నగదు ఇచ్చి, చదువుకు పనికొచ్చే వస్తువులు కొనమన్నారు. ఎక్కువ భాగం పుస్తకాలకు, రాత సామగ్రికి పోయింది. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది కూడా డబ్బు వచ్చింది గానీ మార్కుల్లో చెప్పుకోదగ్గ ఫలితం కనిపించలేదు. కారణం వెతికితే, బడిలో ఇస్తారని తెలిశాక ఇంట్లో వాళ్లు పిల్లల చదువు మీద పెట్టే ఖర్చు తగ్గించారని తేలింది. ఇందులో వారి తప్పేమీ లేదు. కూలి చేసుకునే ఇంట్లో మిగిలిన నూరు రూపాయలు నూనెకో మందులకో పోతాయి. అది ఆ కుటుంబానికి సాయమే, కాదనలేం. అయితే మనం చదువుకని ఇచ్చాం, చదువు మాత్రం పెరగలేదు.

అదే అధ్యయనంలో మరికొన్ని బడులకు వస్తువులకు బదులు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును ఇచ్చారు. అక్కడ పిల్లల చదువు మెరుగుపడింది. మారుమూల బడుల్లోనూ, ఒకటో తరగతిలోనూ ఆ మేలు ఎక్కువ.

ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ప్రథమ్ సంస్థతో కలిసి జరిగిన మరో అధ్యయనం మన విషయానికి ఇంకా దగ్గరది. గ్రామ విద్యా కమిటీలు అప్పటికే కాగితం మీద ఉన్నాయి. వాటి సభ్యుల్లో కొందరికి తాము సభ్యులమన్న సంగతే తెలియదు! ఊళ్లలో సభలు పెట్టి కమిటీ అధికారాలేమిటో, హక్కులేమిటో వివరించారు. కొన్ని ఊళ్లలో పిల్లల చదువును అక్కడికక్కడే పరీక్షించి చూపించారు కూడా. అయినా బడిలో ఏమీ మారలేదు. టీచర్ల హాజరూ మారలేదు, తల్లిదండ్రుల పాత్రా పెరగలేదు. వీటితోపాటు, ఊరి యువకులకు చదవడం నేర్పే పద్ధతిలో కొద్దిరోజులు తర్ఫీదు ఇచ్చి, బడి వేళల తర్వాత పఠన శిబిరాలు నడిపించిన ఊళ్లలో మాత్రం, ఆ శిబిరాలకు వచ్చిన పిల్లలు స్పష్టంగా ముందుకు వెళ్లారు.

దీన్నిబట్టి కమిటీలు దండగ అనుకోనక్కర్లేదు. ‘మీకు ఈ హక్కుంది’ అని చెప్పి వదిలేస్తే జనం కదలరు. చేతికి ఒక పని అప్పగిస్తే చేస్తారు. మన చరిత్రలో దీనికి పాత ఉదాహరణే ఉంది. బద్ర్ యుద్ధ ఖైదీల్లో పరిహారం చెల్లించలేని అక్షరాస్యులకు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) విధించిన షరతు, మదీనా పిల్లలు పదేసి మందికి రాయడం నేర్పడం. అక్కడ పరిహారం చదువు చెప్పడమే. చెప్పినవారు ముస్లిములు కాదన్నది కూడా గమనించదగ్గ సంగతి.

ఇక కాస్త ఇబ్బందికరమైన విషయం. మన దాతల్లో చాలామంది పేద పిల్లలను ప్రైవేటు స్కూల్లో చేర్పించి ఫీజు కడుతున్నారు. ఆ పిల్లవాడి వరకు అది మేలే కావచ్చు. కానీ ఒక ఊరిని లెక్కలోకి తీసుకుందాం. సర్కారు బడిలో 32 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు ఉన్నారు. వారిలో చురుకైన 14 మందికి ఫీజులు కట్టి మండల కేంద్రానికి ఆటోలో పంపించాం. బడిలో 18 మంది మిగిలారు. విద్యా హక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరు టీచర్లుండాలి. ఆచరణలో పిల్లలు తగ్గిన బడి ఒకే టీచరుతో మిగలడం మన రెండు రాష్ట్రాల్లోనూ మామూలే. ఆ ఒక్కరే ఐదు తరగతులు చెప్పాలి, మధ్యాహ్న భోజనం లెక్క రాయాలి, మీటింగులకు వెళ్లాలి. ఆయన సెలవు పెడితే బడికి తాళమే. నష్టపోయేది మిగిలిన ఆ 18 మంది, అంటే ఎవరూ ఎంచుకోని పిల్లలు. ఆడపిల్లలు అందులోనే ఎక్కువ.

కనుక జూన్‌లో బడులు తెరిచే ముందు మనం చేయగల మొదటి పని పిల్లల్ని సర్కారు బడిలో నిలబెట్టడం. ఈదు ఖుత్బాలోనో, జుమా తర్వాతో ఇమామ్ సాబ్ రెండు నిమిషాలు చెబితే, ఊళ్లో బడి వయసు పిల్లలెందరు, చేరినవారెందరు అన్న జాబితా మస్జిదు కమిటీ వారంలో తయారు చేయగలదు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం 6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి మొహం చూడనివారో, మధ్యలో మానేసినవారో. బడికి వెళ్లే వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో చదివేవారు 3 శాతమే అని కూడా ఆ నివేదికే చెప్పింది. మిగతా పిల్లల భవిష్యత్తు మామూలు బడుల మీదే ఆధారపడి ఉంది.

మానేయడానికి కారణాలు ఊరూరికీ వేరు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు తరలిపోతాయి. పిల్లలూ వెంట పోతారు. అలాంటి చోట బ్యాగు ఇచ్చి ఏం లాభం? ఆ మూడు నెలలు పిల్లవాడు ఊళ్లోనే ఉండేలా సీజనల్ హాస్టలు తెరవమని మండల విద్యాధికారిని అడగాలి. అది తెరిచేదాకా నానమ్మ దగ్గర ఉండిపోయిన పిల్లలకు రాత్రి అన్నం సంగతి చూడాలి. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో ఇంకో చిక్కు భాష. ఇంట్లో దక్కనీ ఉర్దూ, ఒకటో తరగతిలో తెలుగు. టీచరమ్మ మాట అర్థంకాక పిల్లవాడు మౌనంగా కూర్చుంటే వాడికి చదువు రాదని ముద్ర పడుతుంది. రెండు భాషలూ వచ్చిన, ఇంటరో డిగ్రీయో చదివి ఇంట్లో ఉన్న అమ్మాయిలు మన ప్రతి జమాత్‌లోనూ ఉన్నారు. సాయంత్రం గంటన్నర ఆ పిల్లలతో కూర్చోబెట్టి, నెలకింత అని గౌరవ వేతనం ఇస్తే, నా అంచనాలో దానికి మించిన విరాళం లేదు. కోస్తాలో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబాలకు ఈ ఇబ్బంది ఉండదు. అక్కడ అవసరం వేరేది ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి.

బడిలో అడుగుపెట్టడానికి చట్టం ఇచ్చిన తలుపు ఒకటుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న విద్యా హక్కు చట్టంలోని 21వ సెక్షన్ యాజమాన్య కమిటీల గురించి చెబుతుంది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. బడి పనితీరును చూడడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, ప్రభుత్వం నుంచి గానీ మరెక్కడి నుంచి గానీ వచ్చిన డబ్బు ఖర్చును పర్యవేక్షించడం వారి పని. ఆ ‘మరెక్కడి నుంచి’ అన్నదాంట్లో మన విరాళం కూడా వస్తుంది. తెలంగాణలో 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. పేరు ఏదైనా, విరాళాన్ని హెడ్మాస్టరు చేతిలో పెట్టి ఫొటో దిగి రావడం కన్నా కమిటీలో తీర్మానం రాయించి, రసీదు తీసుకుని, మూడు నెలలకోసారి లెక్క చూడడం మేలు. హెడ్మాస్టరుకూ అదే రక్షణ. మన వాళ్లు, ముఖ్యంగా తల్లులు, ఆ కమిటీ ఎన్నిక రోజున బడికి వెళ్లడం లేదు. కూలి పోతుందనో, మనకెందుకనో. ఆ ఒక్క పూట కూలి డబ్బు సొసైటీ ఇచ్చినా తప్పులేదు.

పని జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలు అక్కర్లేదు. పిల్లవాడు అక్షరం గుర్తుపడుతున్నాడా, పదం చదువుతున్నాడా, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ చదవగలడా? ‘అసర్’ సర్వేలో వాడేది ఈ నాలుగు మెట్లే. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి చూస్తే చాలు. టీచరును తనిఖీ చేయడానికి వచ్చినట్టు మాత్రం వెళ్లవద్దు. టీచరును కలుపుకునే చేయాలి.

చివరగా దాతలు తరచూ అడిగే ప్రశ్న: ఏ సొమ్ము దేనికి? తౌబా సూరా 60వ ఆయతులో జకాత్ పొందదగినవారు ఎనిమిది వర్గాలుగా ఉన్నారు. హనఫీ ఉలమా అభిప్రాయంలో జకాత్ అర్హుడైన పేదవాడి సొంతం కావాలి. కాబట్టి బడి గోడకూ నీళ్ల ట్యాంకుకూ జకాత్ వాడరు. అర్హులైన పేద ముస్లిం పిల్లల తిండికి, బట్టకు, అవసరాలకు వారి చేతికే చేరేలా ఇవ్వవచ్చు. గదులు, ట్యూటరు జీతం, అన్ని మతాల పిల్లలూ వాడుకునే సౌకర్యాలు నఫిల్ సదఖా నుంచి చేయాలి. బోరు, నీళ్ల ట్యాంకు సదఖయె జారియాకు తగినవి. ఊరి పిల్లలందరూ తాగుతారు, అందులో మన పిల్లలు వేరు కాదు. బ్యాంకు వడ్డీ సొమ్మును సవాబు ఆశ లేకుండా వదిలించుకునేవారు మరుగుదొడ్లకు ఇస్తామంటారు. దీనిపై ఉలమాలో భిన్నాభిప్రాయాలున్నందున మీ ముఫ్తీ సాబ్‌ను అడిగి చేయండి.

మరుగుదొడ్డి మాట వచ్చింది గనుక ఇంకొకటి. ఆంధ్రలో 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు తొలి విడతలో 15,715 బడులను, తెలంగాణలో 2022లో ప్రారంభమైన ‘మన ఊరు-మన బడి’ తొలి విడతలో 9,123 బడులను తీసుకున్నారు. అలాంటి చోట గోడలు, టైల్సు ఇప్పటికే ఉండవచ్చు. తిరిగి కట్టకండి. నీళ్లు వస్తున్నాయా, కడిగే మనిషికి ప్రతి నెలా జీతం అందుతోందా, మోటారు కాలిపోతే బాగు చేయించేదెవరు అని అడగండి. ఆ నెలసరి ఖర్చుకు శిలాఫలకం వేయరు, ప్రారంభోత్సవం ఉండదు. దాత దొరకనిది దానికే.