జరిమానా కట్టే ముందు వకీలును వెతకాలి

పిల్లల ఫీజుకో, ఆపరేషన్‌కో, ఆడపిల్ల పెళ్లికో సాయం కావాలంటే సంఘం గడప తొక్కడానికి మనవాళ్లు అంతగా సంకోచించరు. కోర్టు కేసు విషయానికి వచ్చేసరికి, అందులోనూ తాగి బండి నడిపాడన్న కేసైతే, ఇంట్లో ఎవరూ నోరు తెరవరు. మద్యం మనకు నిషిద్ధం కనుక నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని భయం. “ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది” అని ఎవరో చెప్పిన మాట నమ్మి, కోర్టులో తల ఊపి వచ్చేస్తారు. ఆ జరిమానాకు చేసిన అప్పు తీర్చలేక ఇల్లాలు సంఘం దగ్గరకు వచ్చే నాటికి, చేయగలిగింది చాలావరకు చేయి దాటిపోయి ఉంటుంది.

ఇంటి సంపాదన ఆగిందంటే దాని గుర్తు బడి హాజరుపట్టీలో కనిపిస్తుందని ఉపాధ్యాయులుగా మాకు తెలుసు. అందుకే ఈ కేసు అంటే ఏమిటో, దానికి వకీలును ఎలా వెతకాలో, అందులో దాతల పాత్ర ఏమిటో ఒక పాఠంలా ఇక్కడ చెప్పుకుందాం.

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండి బండి నడిపితే నేరం. మొదటిసారి అయితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 సంవత్సరాల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ జరిమానాలు 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉన్నాయి.

సిగ్నల్ దాటితే చలానా కట్టి వచ్చినట్టు ఇక్కడ కుదరదు. పోలీసుల దగ్గర డబ్బు కట్టి రాజీ చేసుకునే నేరాల జాబితాలో ఇది లేదు. మేజిస్ట్రేటు ముందు నిలబడవలసిందే. ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా భారతీయ న్యాయ సంహిత కింద మరింత పెద్ద కేసు పడుతుంది.

జరిమానా కంటే పెద్ద దెబ్బ

మన బస్తీల్లో ఆటో, క్యాబ్, లారీ నడిపి బతికే కుటుంబాలు ఎన్నో. అలాంటి ఇంటికి 10,000 రూపాయలు పెద్ద మొత్తమే. కానీ అసలు దెబ్బ అది కాదు. 185వ సెక్షన్ కింద నేరం రుజువైతే, కనీసం 6 నెలలపాటు లైసెన్సుకు అనర్హుడిగా ప్రకటించాలని అదే చట్టంలోని 20వ సెక్షన్ కోర్టుకు చెబుతోంది. జరిమానా ఒక్కసారి కట్టేది. లైసెన్సు లేని 6 నెలలు మాత్రం ప్రతిరోజూ పొయ్యి వెలిగించేటప్పుడు గుర్తుకొస్తాయి.

ఇంకొకటి. నేరం ఒప్పుకున్న తరువాత శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో తప్ప అప్పీలుకు దారి ఉండదు. “నేను తాగలేదు” అని పైకోర్టులో చెప్పుకునే అవకాశం పోతుంది. రేపు మరో కేసు పడితే అది రెండో నేరంగా లెక్కకొస్తుంది. కాబట్టి వకీలు అవసరం జరిమానా రాసిన తరువాత కాదు, “ఒప్పుకుంటావా?” అని కోర్టు అడగక ముందే.

వకీలు ఏమి చూస్తాడు?

వకీలు అబద్ధం ఆడి తప్పించేవాడు అనుకోవడం పొరపాటు. కేసు చట్టప్రకారం నడిచిందో లేదో చూడడం అతని మొదటి పని. పరీక్ష చేయించిన అధికారి యూనిఫాంలో ఉన్నాడా? యంత్రం ఇచ్చిన చీటీలో పేరు, తేదీ, సమయం, అంకె సరిగా ఉన్నాయా? ఆ యంత్రానికి తనిఖీ జరిగిందా? దగ్గు మందు లేదా నోరు పుక్కిలించే మందు వాడిన వెంటనే ఊదించారా? నిజంగా బండి నడిపింది ఇతనేనా? అరెస్టు చేసి ఉంటే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించారా? అలా చేయించకపోతే విడిచిపెట్టాలని 202వ సెక్షన్ చెబుతోంది.

నోటి వాసన, తూలే నడక మాత్రమే మద్యం తాగాడనడానికి చాలవని 1971లో బచ్చూభాయ్ హసనల్లీ కర్యానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఊదడానికి నిరాకరించడం తెలివి కాదు. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే దాన్ని కోర్టు అతనికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు.

బండి సంగతి కూడా వకీలుకు తెలిసి ఉండాలి. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు, తాగి నడిపాడన్న ఒక్క కారణంతో పోలీసులు వాహనాన్ని జప్తు చేయరాదని తీర్పునిచ్చింది. పక్కన తాగని మనిషి లైసెన్సుతో ఉంటే అతనికి, లేకపోతే పిలిపించిన బంధువుకో స్నేహితుడికో బండి అప్పగించాలని చెప్పింది. ఆటో ఒక్కరోజు ఆగినా ఆ రోజు కూలి పోయినట్టే గనుక ఇది చిన్న విషయం కాదు.

అన్నీ సరిగా ఉండి, తప్పు నిజంగా జరిగి ఉంటే మంచి వకీలు ఆ మాటే మొహం మీద చెబుతాడు. అప్పుడు అతని పని కోర్టుకు మనిషి పరిస్థితి వివరించడం. మొదటి తప్పు అని, ఎవరికీ హాని జరగలేదని, ఇంట్లో ఇంతమంది ఆధారపడి ఉన్నారని చెప్పి, జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టమని అడుగుతాడు. చట్టంలో “లేదా” అన్న మాట ఉన్నది కనుకనే ఈ విన్నపానికి చోటుంది.

ఎలా వెతకాలి?

తమకు పని ఇమ్మని అడుగుతూ, మనుషులను పెట్టుకుని కేసులు పట్టడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. కనుక స్టేషన్ దగ్గరో కోర్టు మెట్ల దగ్గరో తానే వచ్చి చేయి పట్టుకునేవాడిని నమ్మకూడదు. “జడ్జిగారు మనవాళ్లే”, “కొట్టేయిస్తాను, గ్యారంటీ” అనేవాడి దగ్గర నుంచి లేచి రావాలి.

మేజిస్ట్రేటు కోర్టులో రోజూ క్రిమినల్ కేసులు చేసే వకీలు కావాలి. ఆస్తి తగాదాలలో ఎంత పేరున్నా ఈ పనికి అది ఆసరా కాదు. రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో అతని నమోదు సంఖ్య అడగవచ్చు, తప్పేమీ లేదు. ఇలాంటి కేసులు చేశారా, వాయిదాకు మీరే వస్తారా జూనియర్‌ను పంపుతారా, ఫీజు మొత్తం ఎంత, అందులో ఏమేమి కలిసి ఉన్నాయి అని ముందే అడగాలి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. వకాల్తా మీద చదవకుండా సంతకం పెట్టరాదు. కాగితాలన్నిటి నకళ్లు ఇంట్లో ఉంచుకోవాలి.

ఫీజు లేని వకీలు

డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదని రాజ్యాంగంలోని 39ఎ అధికరణం చెబుతోంది. దాని కోసమే 1987లో న్యాయ సేవల అధికార సంస్థల చట్టం వచ్చింది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలుకు అర్హులు. మిగతావారికి ప్రభుత్వం నిర్ణయించిన ఆదాయ పరిమితి ఉంది.

మైనారిటీ కావడం మాత్రమే ఈ జాబితాలో అర్హత కాదు. ఇది మనవాళ్లకు తెలియాలి. పేద ముస్లిం డ్రైవరు ఆదాయం ఆధారంగానో, కస్టడీలో ఉంటే ఆ కారణంగానో అడగాలి. ఆదాయానికి సాధారణంగా అఫిడవిట్ ఇస్తే సరిపోతుందని చట్టమే అంటోంది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, చిన్న పట్టణాల కోర్టుల్లో మండల కమిటీ ఉంటాయి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. ఉచిత సాయం పొందే హక్కు ఉందని పేద ముద్దాయికి చెప్పవలసిన బాధ్యత కోర్టుదేనని 1986లో సుఖ్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

దాతలకు ఒక మాట

“తాగినవాడికి మన సొమ్మా?” అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. తాగి బండి నడపడం దారిన పోయేవారి ప్రాణాలతో ఆడుకోవడం. ఆ బండి కింద పడినవారికి అండగా నిలబడడం మన మొదటి బాధ్యత. నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలన్నా వారికీ వకీలు కావాలి.

కానీ కేసు పడ్డ ప్రతివాడూ తాగినవాడు కాదు. తాగినవాడైనా, అతని పిల్లలు తాగలేదు. వకీలును చూపించడం తప్పును సమర్థించడం కాదు. తప్పుకు తగిన శిక్ష కంటే ఒక్క రోజు కూడా ఎక్కువ పడకుండా చూడడం, ఆ శిక్ష ఇంటిల్లిపాదినీ మింగకుండా చూడడం.

దీనికి పెద్ద నిధి అక్కర్లేదు. నమ్మకమైన ఇద్దరు ముగ్గురు న్యాయవాదుల పేర్లు సంఘం కార్యాలయంలో ఉండాలి. చదువుకున్న ఒక యువకుడు బాధితుడిని న్యాయ సేవాధికార సంస్థ దాకా తీసుకువెళ్లి దరఖాస్తు రాసిపెట్టాలి. వచ్చినవారి పేరు గడప దాటి బయటకు పోకూడదు. సిగ్గుతో దాచుకునే కష్టం గుట్టు కాపాడే చోటికే వస్తుంది. లైసెన్సు పోయిన నెలల్లో ఆ ఇంటికి బియ్యం, పిల్లలకు ఫీజు అందాలి. దానితోపాటు తాగుడు మాన్పించే వైద్యానికి అతన్ని ఒప్పించాలి. జరిమానా కట్టడానికి ఇచ్చే 10,000 ఒక్క రోజులో కోర్టు ఖాతాలో కలిసిపోతుంది. అదే సాయం సరైన సమయంలో, సరైన చోట అందితే ఒక మనిషి మళ్లీ నిటారుగా తన బండి ఎక్కుతాడు, అతని పిల్లవాడు బడి మానడు.