పెద్దల ఆరోగ్య పాలసీ ఆగిపోతే

చికిత్సకు సాయం కోరుతూ వచ్చేవారి నోట మేము తరచు వినే మాట ఒకటుంది: "మొన్నటిదాకా ఇన్సూరెన్సు ఉండేది, ఇప్పుడు లేదు." మీరిచ్చే విరాళం చివరికి ఆ లోటు పూడ్చడానికే పోతుంది గనుక, పాలసీ ఎలా ఆగిపోతుందో, ఆగితే ఏం చేయాలో దాతలకూ తెలిసి ఉండాలి.

మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరి, కంపెనీ గ్రూపు పాలసీలో తల్లిదండ్రుల పేర్లు రాయిస్తారు. ఆ కార్డు చూసుకుని ఇంట్లో వేరే పాలసీ ఊసెత్తరు. అబ్బాయి ఉద్యోగం మానితే ఆ కార్డు చెల్లదు. అప్పటికి తండ్రికి 68 ఏళ్లు, షుగరు, బీపీ. ఇలాంటప్పుడు అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు నిబంధనల్లో ఉంది. రాజీనామా ఇచ్చే ముందే అడగాలి. తరువాత అడిగితే కష్టం.

సొంత పాలసీ ఉన్నవారి సంగతి వేరు. ఒక పెద్దాయన మూడేళ్లు ప్రీమియం కట్టారనుకుందాం. ముందే ఉన్న జబ్బులకు కంపెనీ పెట్టగలిగే నిరీక్షణ ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలు. అది పూర్తయింది, ఇక షుగరు వల్ల ఆస్పత్రిలో చేరినా డబ్బు వస్తుంది. సరిగ్గా అప్పుడే "ఎన్నాళ్లు కట్టినా ఒక్కసారీ వాడలేదు" అని మానేస్తారు! ఆరు నెలల తరువాత కొత్త పాలసీ తీసుకుంటే మళ్లీ ఒకటో నెల నుంచి లెక్క. పోయింది ఒక ప్రీమియం కాదు, మూడేళ్ల ఓపిక. ఏడాదికోసారి కట్టేవారికి గడువు తేదీ తరువాత 30 రోజుల వెసులుబాటు ఉంది. ఆలోగా కడితే పాత లెక్క నిలుస్తుంది. అయితే కట్టని ఆ మధ్య రోజుల్లో ఆస్పత్రిలో చేరితే ఖర్చు రాదు.

క్లెయిములు ఎక్కువయ్యాయని కంపెనీ రెన్యూవల్ నిరాకరించకూడదు. మోసం చేసినా, జబ్బు దాచినా తప్ప. అందుకే దరఖాస్తులో షుగరు ఉందని రాయడానికి వెనకాడవద్దని మేము గట్టిగా చెబుతాం, ఏజెంటు వద్దన్నా సరే. కంపెనీ ఆ పాలసీనే ఎత్తివేస్తే తన మరో పాలసీలోకి మారే అవకాశం ఇవ్వాలి. 60 దాటినవారి ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ కూడా ఆ ఏడాది సెప్టెంబర్ 22 నుంచి లేదు. ఖరీదని మానేసినవారు మరోసారి ధర అడిగి చూడవచ్చు. వేరే కంపెనీకి మారదలిస్తే గడువుకు నెలన్నర ముందే దరఖాస్తు ఇవ్వాలి. కొత్త కంపెనీ ఒప్పుకునే దాకా పాతది వదలకూడదు.

అన్యాయం జరిగిందనిపిస్తే మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు.

ఇక ప్రీమియం కట్టే స్తోమతే లేనివారు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నా మనవాళ్లకు అది ఇంకా ఆరోగ్యశ్రీయే. రేషన్ కార్డు ఉన్న కుటుంబం ముందు ఆ దారి చూడాలి. 70 నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. 2024 అక్టోబర్ 29న మొదలైన ఈ కార్డుపై ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆస్పత్రి చికిత్స ఉచితం; పాత జబ్బులకు నిరీక్షణ లేదు. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలే ఇద్దరికీ. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. పథకంలో చేరిన ఆస్పత్రిలోనే చెల్లుతుంది, నెలనెలా వాడే మందులకు రాదు. మీ విరాళం ఎక్కువ అవసరమయ్యేది ఆ మందులకూ, 70 నిండని 60లలోని వారి ప్రీమియానికీ.

జుమా తరువాత ఒక గంట, మీ మహల్లాలో 70 నిండిన పెద్దలను కూర్చోబెట్టి కార్డు చేయించగల కుర్రవాళ్లు కావాలి. ఆధార్, స్మార్ట్‌ఫోను చాలు. వేలిముద్రలు అరిగినవారికి ఆయుష్మాన్ యాప్‌లో ముఖం చూపించే పద్ధతి ఉంది, సందేహాలకు 14555.