చేతి గడియారము - దాని దినసరి భేదము

పాఠశాల గంట మ్రోగినతోడనే విద్యార్థులు కొందరు తమ చేతి గడియారములను చూచుకొని, "నాది సరిగా నున్నది", "నీది రెండు నిమిషములు వెనుక నున్నది" అని వాదించుకొనుట మనము తరచుగా వినుచుందుము. ఒక్కమారు చూచినంతమాత్రమున గడియారము మంచిదో చెడ్డదో నిర్ణయింపవచ్చునా? ఈ ప్రశ్నమునే యిచ్చట విచారింప దలచితిమి. మేము చెప్పునది కీ యిచ్చి నడపు గడియారములను గూర్చియే గాని, బ్యాటరీతో నడచువానిని గూర్చి కాదు. 1961వ సంవత్సరము మొదలు బెంగుళూరులో తయారైన హెచ్.ఎం.టి. గడియారములు అనేక గృహములలో పెద్దల పెట్టెలయందు నేటికిని గలవు. కావున ఈ పాఠమునకు వలయు సాధనము దుర్లభము కాదు.

ముందుగా లోపలి యంత్రమును కొంచెము తెలిసికొందము. కీ యిచ్చినపుడు పొడవైన స్ప్రింగు ఒకటి బిగువుగా చుట్టుకొనును. అది మెల్లగా విప్పుకొనుచు పండ్లచక్రములను త్రిప్పును. ఆ చక్రములు ఒక్కుమ్మడి తిరిగిపోకుండ ఒక చిన్న మీట వానిని ఆపుచు విడుచుచుండును. ఆ మీటను కాలక్రమమున కదల్చునది బాలెన్సు చక్రము. వెండ్రుకవంటి సన్నని స్ప్రింగు ఈ చక్రమును ఇటునటు ఊగించును. గోడ గడియారమునకు లోలక మెట్టిదో, చేతి గడియారమునకు ఈ చక్ర మట్టిది. అనేక గడియారములలో ఇది సెకండునకు 5 మారులు కొట్టును. దినమునకు 86,400 సెకండ్లు గనుక మొత్తము 4,32,000 దెబ్బలు. దినమునకు 30 సెకండ్లు తప్పు గడియారము 2,880 సెకండ్లకు ఒక్క సెకండు మాత్రమే తప్పుచున్నది. 2,880 లెక్కలలో ఒక్కటి మాత్రమే తప్పు చేసిన విద్యార్థిని ఎవరు నిందింతురు?

ఒక దినములో గడియారము ఎన్ని సెకండ్లు ముందునకు పోవునో, లేక వెనుకబడునో, దానినే దినసరి భేదమందుము. రెండు గడియారములను ఒకే ఉదయమున సరిచేసి, ఏడు దినములు పరీక్షించితిమనుకొందము. మొదటిది వరుసగా 12, 11, 12, 13, 12, 12, 12 సెకండ్లు ముందునకు పోయినది. రెండవది తొలిదినమున 20 ముందు, పిదప 18 వెనుక, 5 ముందు, 9 వెనుక, 16 ముందు, 14 వెనుక. ఏడవ దినమున భేదమే లేదు. వారాంతమున చూచితిమేని మొదటిది 84 సెకండ్లు ముందున్నది. రెండవది సరిగా నున్నది. త్వరపడువాడు రెండవదానినే మెచ్చును. కాని మొదటిదాని తప్పు స్థిరము. దానిని తీసివేసి సరియైన కాలమును చెప్పగలము. రెండవది రేపేమి చేయునో ఎవరును చెప్పజాలరు. కాబట్టి మొదటిదే మంచి గడియారము.

ఈ విషయముపై ఒకప్పుడు నావికుల ప్రాణములే ఆధారపడియుండెను. భూమి 4 నిమిషములకు ఒక డిగ్రీ చొప్పున తిరుగును. కాకినాడ సమీపమున పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును 4 చే గుణించిన 330 నిమిషములు, అనగా 5½ గంటలు వచ్చును. గ్రీనిచ్చి కాలముకంటె మన దేశకాల మంత ముందున్నది. నడిసముద్రమున నావికులు గ్రీనిచ్చి కాలమును తెలుపు గడియారమును, సూర్యునివలన తెలియు స్థానిక కాలమును పోల్చి తమ రేఖాంశమును కనుగొందురు. ఆ గడియారము 4 నిమిషములు తప్పినచో భూమధ్యరేఖ వద్ద 69 మైళ్లు పొరపాటగును. 1707లో ఇంగ్లాండు యుద్ధనౌకలు నాలుగు, తామున్న చోటు తెలియక సిల్లీ దీవుల రాళ్లకు తగిలి మునుగగా వేయిమందికి పైగా మరణించిరి. 1714లో రేఖాంశమును కనుగొను ఉపాయమునకు ఆ దేశపు పార్లమెంటు 20,000 పౌనుల వరకు బహుమానము ప్రకటించెను.

వడ్రంగి పనివాడైన జాన్ హారిసన్ తన జీవితమును దీనికే ధారపోసెను. 1761లో ఆయన గడియారము జమైకాకు పోయినపుడు, దినసరి భేదమును తీసివేసి లెక్కింపగా తప్పు సుమారు 5 సెకండ్లు మాత్రమే. ఇది అదృష్టవశమున కలిగినది కావచ్చునని అధికారులు శంకించి మరల పరీక్ష కోరిరి. 1764లో బార్బడోసు ప్రయాణమునకు ముందుగనే దినసరి భేదమును తెలియజేసిరి. 47 దినముల పిమ్మట తప్పు 39 సెకండ్లు. బహుమానపు నిబంధనము కోరినదానికంటె ఇది సుమారు మూడింతలు మేలు.

ఇక భేదము మారుటకు కారణములేవి? గడియారమును వెల్లకిల పెట్టినపుడును, నిలువుగా నుంచినపుడును బాలెన్సు చక్రపు రాపిడి వేరగును. వేడిమివలన సాధారణపు ఉక్కు స్ప్రింగు బలము తగ్గి గడియారము వెనుకబడును. ఈ లోపమును తగ్గించు మిశ్రలోహములను కనుగొన్న గియోమ్ అను శాస్త్రజ్ఞునకు 1920లో నోబెల్ బహుమాన మొసగబడెను. కీ తగ్గినకొలది ఊపు తగ్గును. నూనె ఎండినను, అయస్కాంతపు ప్రభావము సోకినను నడక చెడును. అందుచేతనే స్విట్జర్లాండులో క్రోనోమీటరు పరీక్షకు వచ్చిన గడియారమును 15 దినములు, 5 స్థితులలో, 3 ఉష్ణోగ్రతలలో పరిశీలింతురు. సామాన్యముగా దాని సగటు దినసరి భేదము 4 సెకండ్ల వెనుకకును 6 సెకండ్ల ముందునకును మధ్య నుండవలెను.

విద్యార్థులారా! మీరును ఈ పరీక్ష చేయవచ్చును. ప్రతిదినము ఉదయము ఒకే గంటకు కీ యిండు. చాలునని తోచినచోట ఆపుడు, బలవంతము చేయకుడు. సరియైన కాలముతో పోల్చి భేదమును పుస్తకమున వ్రాయుడు. ముండ్లను మాత్రము నడుమ సరిదిద్దకుడు. దిద్దినచో పరీక్ష చెడును. రాత్రులందు ఒక వారము వెల్లకిలను, మరియొక వారము నిలువుగాను ఉంచి చూడుడు. భేదము స్థిరముగా నుండి కేవలము ఎక్కువయైనచో, లోపలి చిన్న మీటను కొంచెము జరిపి గడియారములు బాగుచేయువాడు దానిని సవరింపగలడు. భేదము దినదినము మారుచున్నచో దానికి శుభ్రపరచుటయు, క్రొత్త నూనెయు కావలసియుండును. మీ పుస్తకమును అతనికి చూపుడు. అతని పని సులభమగును. తాతగారి గడియారము పనికిమాలినదని పారవేయుటకు ముందు, రెండు వారములు దాని మాట వినుడని మా మనవి.