జాజ్ సంగీతం: సేకరించదగిన రికార్డులు

కవి గతించినా తాళపత్రం మిగిలితే కావ్యం మిగులుతుంది. వాగ్గేయకారుడు గతించినా శిష్యపరంపర ఆయన కృతిని నిలుపుతుంది. కాని వాయించే క్షణంలోనే పుట్టి, ఆ క్షణంతోనే అంతరించే సంగీతాన్ని నిలిపేది ఏది? జాజ్ సంగీతాన్ని అధ్యయనం చేయదలచిన విద్యార్థి మొదట వేసుకొనవలసిన ప్రశ్న ఇది.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో, బానిసత్వం నుండి విముక్తి పొందిన నల్లజాతి ప్రజల సంతతి నడుమ ఈ సంగీతం రూపుదిద్దుకొన్నది. దాని ఆద్యులలో ఒకరిగా బడ్డీ బోల్డెన్ అనే కార్నెట్ వాద్యకారుని పేర్కొంటారు. ఆయన వాదనాన్ని విన్నవారు వేనోళ్ళ కొనియాడారు. అయితే ఆయన వాయించిన రికార్డు ఒక్కటైనా నేడు లభించదు. 1931లో ఆయన మరణించారు. ఆ నాదం ఎట్టిదో నేడు ఊహించుకొనవలసిందే. జాజ్‌కు ప్రాణం మనోధర్మం. రాగాలాపన వలెనే దానిని కాగితంపై సంపూర్ణంగా వ్రాసిపెట్టడం సాధ్యం కాదు. కనుక ఈ కళకు రికార్డే గ్రంథం, రికార్డుల సేకరణే గ్రంథాలయం. గ్రంథాలయానికి విలువ పుస్తకాల సంఖ్యవలన గాక, వాటి ఎంపికవలన కలుగుతుంది. ఒక్కొక్కటి ఒక్కొక్క క్రొత్త విషయం నేర్పగల ఆరింటిని ఇక్కడ పరిశీలిద్దాము.

ఏకవాదన వైభవం

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1925–28 సంవత్సరాలలో ‘హాట్ ఫైవ్’, ‘హాట్ సెవెన్’ అనే చిన్న బృందాలతో చికాగోలో చేసిన రికార్డులు మొదటివి. అంతకుముందు ఈ సంగీతంలో సమష్టి వాదనానిదే పైచేయి. ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక వ్యక్తి ప్రతిభను దానికి కేంద్రం చేశారు. ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ ఆరంభంలో ఏ తోడు వాద్యమూ లేకుండా ఆయన ట్రంపెట్ ఒంటరిగా పలికే తీరు వినదగినది. ఆనాటి గ్రామఫోన్ పళ్ళెం ఒక వైపున సుమారు మూడు నిమిషాల సంగీతమే పట్టేది. ఆ కొద్ది వ్యవధిలోనే ఆది, మధ్యము, అంతము కుదిరిన కళాఖండాలను ఆయన నిలిపారు.

గానమే సాక్ష్యం

రెండవది బిల్లీ హాలిడే 1939లో పాడిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లవారిని మూకలు చంపి చెట్లకు వ్రేలాడదీసిన ఘోరాలను గూర్చిన పాట ఇది. దీనిని రచించినవాడు ఏబెల్ మీరోపోల్ అనే ఉపాధ్యాయుడు. ఆమెతో ఒప్పందమున్న పెద్ద కంపెనీ దీనిని రికార్డు చేయుటకు అంగీకరించలేదు. ‘కొమొడోర్’ అనే చిన్న కంపెనీ ముందుకు వచ్చినది. ఆమె గొంతు హెచ్చదు, విలపించదు. ఆ నిగ్రహమే వినేవారిని కలచివేస్తుంది. రికార్డు వినోద సాధనమే గాక చారిత్రక సాక్ష్యం కూడ కాగలదని ఇది నిరూపించినది.

1959: రెండు మార్గాలు

1948లో దీర్ఘవాదన రికార్డు వచ్చుటతో కళాకారులకు తీరిక లభించినది. మైల్స్ డేవిస్ బృందం 1959 మార్చి 2, ఏప్రిల్ 22 తేదీలలో, అనగా రెండే రోజులలో, ‘కైండ్ ఆఫ్ బ్లూ’ను పూర్తి చేసినది. అంతకుముందు ఛార్లీ పార్కర్ మొదలైనవారి శైలిలో స్వరమేళనాలు వేగంగా మారుతూ ఉండేవి. వాద్యకారుడు వాటి వెంట పరుగెత్తవలసి వచ్చేది. డేవిస్ ఆ పరుగును ఆపి, ఒకే స్వరశ్రేణిపై నిలకడగా విహరించనిచ్చారు. ‘సో వాట్’లో పదహారు ఆవర్తాలు ఒక శ్రేణి, ఎనిమిది ఆవర్తాలు అదే శ్రేణి అర్ధస్వరం పైన, మరల ఎనిమిది మొదటి స్థానంలో. ఆ శ్రేణిలోని స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే. గమకాలు, సంచారాలు లేవు గనుక దీనిని రాగమనలేము. అయినను మన చెవికి ఇది దగ్గరి చుట్టం. డేవిస్ మౌనాన్ని సైతం స్వరంగా వాడగా, జాన్ కోల్ట్రేన్ సాక్సోఫోన్ ప్రవాహంవలె ఉరుకుతుంది. ఒకే భావంపై ఇద్దరి మనోధర్మం ఎంత భిన్నమో ఇక్కడ గ్రహించవచ్చును.

ఆ సంవత్సరమే వెలువడిన డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’ లయను గూర్చిన పాఠం. ఇందులో పాల్ డెస్మండ్ రచించిన ‘టేక్ ఫైవ్’ అయిదక్షరాల నడకలో సాగుతుంది. మన ఖండచాపులో రెండు, మూడుగా విరిచే అక్షరాలను ఇందులో మూడు, రెండుగా విరిచారు. చేతితో తాళం వేస్తూ వింటే ఆ తేడా సులభంగా తెలుస్తుంది.

ప్రార్థన, ప్రయాణం

కోల్ట్రేన్ 1964 డిసెంబరులో రికార్డు చేసిన ‘ఎ లవ్ సుప్రీమ్’ నాలుగు భాగాల భక్తి నివేదన. చివరి భాగంలో తాను వ్రాసిన ప్రార్థనను పెదవులతో గాక సాక్సోఫోన్‌తో అక్షరమక్షరంగా పలికించారు. ఆ ప్రార్థన రికార్డు అట్టపై ముద్రితమై ఉన్నది. దానిని చదువుతూ వినడం అపూర్వానుభవం. భారతీయ సంగీతంపై ఎనలేని ఆదరం గల ఈ కళాకారుడు పండిట్ రవిశంకర్‌పై గౌరవంతో కుమారునికి రవి అని పేరు పెట్టుకొన్నారు.

డ్యూక్ ఎలింగ్టన్ బృందం 1963లో మన దేశంలోను, పశ్చిమాసియాలోను పర్యటించినది. ఆ అనుభవాల ఫలితమే ఎలింగ్టన్, బిల్లీ స్ట్రేహార్న్ రచించిన ‘ది ఫార్ ఈస్ట్ స్వీట్’ (1967). ఇందులో ఢిల్లీ గోరువంక కూతను క్లారినెట్ అనుకరిస్తుంది. పెద్ద బృందంలో ప్రతి వాద్యకారుని కంఠస్వరాన్ని గుర్తెరిగి రచన సాగించుట ఎలింగ్టన్ ప్రత్యేకత.

వినవలసిన పద్ధతి

ఈ ఆరింటిని ఒక్కసారిగా వినవలసిన పని లేదు. ఒక్కదానిని మూడుమార్లు వినవలెను: మొదట మొత్తంగా, పిదప ప్రధాన వాద్యం వెంట, ఆపై మృదంగ స్థానంలోనున్న డ్రమ్ములు, బేస్‌ల వెంట. ఎవరు ఏ వాద్యం వాయించినది, ఏ సంవత్సరమున వాయించినది వ్రాసి ఉంచుకొనవలెను. పేరు లేని రికార్డు ముఖపత్రం చినిగిన పుస్తకం వంటిది.

బోల్డెన్ వంటివారు మన మధ్యనూ లేకపోలేదు. ఉరుసులలో పాడే ఖవ్వాలులు, కళ్యాణ మంటపాలలో సన్నాయి ఊదే విద్వాంసులు ఎందరో ఏ రికార్డుకూ ఎక్కకుండానే గతించారు. దూరదేశపు సంగీతాన్ని శ్రద్ధతో దాచుకొన నేర్చిన విద్యార్థి తన వీధిలోని గొంతును కూడ దాచగలడు. సేకరణవలన కలుగవలసిన ఫలితం అదే.