వంతలు లేని మైకు

మాఘ అమావాస్యకు కూడవెల్లి జాతరకు పోయేవాళ్లు రామలింగేశ్వరుడి మీద నమ్మకం ఇంటి దగ్గరే మూటగట్టుకొని బయల్దేరతారు. గుడిలో ప్రవచనం చెప్పే పెద్దమనిషికి సగం పని అక్కడే తేలికైపోతుంది. కథ అందరికీ తెలుసు. తెలిసిన కథ కాబట్టే ఇష్టంగా వింటారు.

అదే పెద్దమనిషి మర్నాడు మిరుదొడ్డి రైతు వేదికలో మైకు పట్టుకొని, వరి తగ్గించి ఆయిల్ పామ్ పెట్టమని చెప్పాలనుకోండి. ముందు వరసలో కూర్చున్న రైతు మనసులో ఒకటే లెక్క నడుస్తుంటుంది: గెలలు చేతికొచ్చేదాకా మూడు నాలుగేళ్లు ఇల్లెట్ల గడవాలె? ఆ లెక్క తేల్చకుండా ఎంత గంభీరంగా మాట్లాడినా ఆయన చెవికెక్కదు.

మనలో చాలామందికి ఉపన్యాసం అబ్బింది గుడిలో, చర్చిలో, జుమ్మా నాటి ఖుత్బాలో. గొంతు ఎక్కడ తగ్గించాలో, పిట్టకథ ఎప్పుడు ఎత్తుకోవాలో అక్కడే వంటబట్టింది. గొప్ప బడి అది, నేను కాదనను. కానీ అక్కడి అలవాటొకటి సభలో దెబ్బ తీస్తుంది. ‘శాస్త్రం చెప్పింది’ అంటే గుడిలో తలలూపుతారు. సభలో ‘నీకెట్ల తెలుసు?’ అనుకుంటారు, పైకి అడగరు. అడగని ఆ ప్రశ్నే మీ ప్రసంగాన్ని మింగేస్తుంది.

దీనికి మందు మన దగ్గరే ఉంది. కొమురవెల్లి మల్లన్న కథ చెప్పే ఒగ్గు కళాకారులను గమనించండి. అదీ భక్తి కథే. కానీ కథకుడి పక్కన వంతలు ఉంటారు. డోలు మోత ఆగగానే వంత అందుకొని ‘అట్లెందుకయింది?’ అంటాడు. జనం మనసులోని సందేహం ఆయన నోట పలుకుతుంది, కథకుడు అక్కడే విప్పిచెబుతాడు. పేరున్న ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య వీడియోలు దొరుకుతాయి. ఈసారి కథ కోసం కాకుండా, వంతలు అడ్డుపడే చోట్ల కోసం చూడండి.

మైకు ముందు మీకు వంత ఉండడు. కాబట్టి రాసుకున్న ప్రసంగాన్ని ముందురోజు రాత్రి ఇంట్లో పెద్దమ్మకో, చిన్నాయనకో చదివి వినిపించండి. ‘అయితే ఏంది?’ అని వాళ్లు ఆపిన చోట పెన్నుతో గీత గీయండి. తెల్లారి సభలో అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.